ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతోందా? ముందు ఎవరు వదిలేస్తున్నారో తేల్చండి

మీ సమస్యను నేను అర్థం చేసుకున్నంతలో మళ్లీ చెబుతాను. ల్యాప్‌టాప్ వైఫై పంచే పెట్టెకు, అంటే యాక్సెస్ పాయింట్‌కు, బాగానే కనెక్ట్ అవుతోంది, కాసేపు పనిచేస్తోంది, వీడియో కాల్ మధ్యలో ఉన్నట్టుండి పోతోంది. ఒక్కోసారి దానంతటదే వస్తోంది, ఒక్కోసారి వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే గానీ రావడం లేదు. అదే గదిలో ఫోన్‌కు ఏ ఇబ్బందీ లేదు. ఒకే సాయంత్రం డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, యాక్సెస్ పాయింట్‌ను రీసెట్ చేశారు, నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' కొట్టి మళ్లీ కలిపారు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు కొత్త యాక్సెస్ పాయింట్ కొనాలా అన్నది మీ ప్రశ్న. (యాక్సెస్ పాయింట్‌ను ఇకమీదట 'పాయింట్' అనే రాస్తాను. ఏపీ అని కుదిస్తే మనవాళ్లకు ఇంకోటి గుర్తొస్తుంది.)

ఇప్పుడే కొనకండి. ఫోన్ అదే గదిలో, అదే పాయింట్ మీద గంటల తరబడి నిలబడుతోందంటే అనుమానం ముందుగా ల్యాప్‌టాప్ మీదకే వెళ్తుంది. అలాగని పాయింట్‌ను పూర్తిగా వదిలేయడానికీ లేదు. ఎందుకంటే ఫోన్‌లో వైఫై తెగినా మనకు తెలియదు. అది గప్‌చుప్‌గా మొబైల్ డేటాకు మారిపోతుంది. చాటింగ్ యాప్‌లు ఐదారు సెకన్ల ఖాళీని మన కంటపడనివ్వవు. ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ అలా కాదు, రెండు సెకన్లు పోయినా అవతలి మనిషి మొహం బిగుసుకుపోయి సంగతి బయటపెట్టేస్తుంది. కాబట్టి ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, దాంట్లోనూ ఒక గంట వీడియో కాల్ నడిపి చూడండి. అప్పుడు కూడా ఫోన్ నిలబడితేనే 'ఫోన్‌కు ఇబ్బంది లేదు' అన్న మాటకు విలువ.

మీరు చేసిన మూడు పనుల్లో తప్పేమీ లేదు. మూడూ ఒకే సాయంత్రం చేయడమే ఇబ్బంది. రెండు రోజులు బాగుండటానికి ఏది కారణమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇకమీదట ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక కనీసం ఒక రోజు వదిలేయండి. ఒక కాగితం తీసుకుని, తెగినప్పుడల్లా నాలుగు విషయాలు రాయండి: నిమిషంతో సహా టైమ్, దానంతటదే వచ్చిందా లేదా, ల్యాప్‌టాప్ అప్పుడు ఎక్కడుంది, ఛార్జర్ పెట్టి ఉందా. చాదస్తంగా అనిపించవచ్చు గానీ, నేను చూసిన కేసుల్లో సగానికి పైగా ఈ కాగితం మీదే తేలిపోయాయి.

అసలు తెగుతోంది వైఫైయేనా?

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బయటి లైన్ పోయినా మనం తిట్టేది వైఫైనే. ఈ సందేహం మొదటే తీర్చుకోవాలి. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ విండోలు రెండు పక్కపక్కన తెరవండి. ఒకదాంట్లో మీ గేట్‌వే (ఇంటి రూటర్) అడ్రస్‌కు, అంటే 192.168.1.1 లాంటిదానికి, ఆగకుండా పింగ్ ('ఉన్నావా' అని అడిగి జవాబు చూసే ఆదేశం) పెట్టండి. విండోస్‌లో అయితే చివర హైఫన్ టీ చేర్చాలి, లేకపోతే నాలుగు సార్లు పంపి ఆపేస్తుంది. రెండో విండోలో 8.8.8.8కు, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కు, పెట్టండి. గేట్‌వే అడ్రస్ తెలియకపోతే ఐపీకాన్ఫిగ్ అని కొడితే 'డిఫాల్ట్ గేట్‌వే' అన్నచోట కనబడుతుంది. (ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

కాల్ ఆగిన క్షణంలో ఆ రెండు విండోలు చూడండి. గేట్‌వే నుంచి జవాబులు మామూలుగా వస్తూ 8.8.8.8 మాత్రమే ఆగిపోతే మీ వైఫైకి ఏ జబ్బూ లేదు, రోగం మోడెమ్‌లోనో బయటి లైన్‌లోనో ఉంది. రెండూ ఒకేసారి ఆగితే గొడవ ఇంటి లోపలే. రెండూ బాగుండి పేజీలు మాత్రం తెరుచుకోకపోతే సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌నో, వీపీఎన్‌నో, యాంటీవైరస్‌నో అనుమానించాలి. ఇంకో రకం కూడా ఉంది: పింగ్ ఆగదు, కానీ 2, 3 మిల్లీసెకన్లలో రావాల్సిన జవాబు 800, 1500 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఇక్కడ కనెక్షన్ తెగలేదు. గాలిలో రద్దీ వల్లో, బలహీనమైన సిగ్నల్ వల్లో ఒకే మాటను పదేపదే చెప్పుకోవాల్సి వస్తోంది. వాడేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు.

పాయింట్, రూటర్ వేర్వేరు పెట్టెలైతే మూడో విండో తెరిచి పాయింట్ సొంత అడ్రస్‌కు కూడా పింగ్ పెట్టండి. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. ఒకసారి మూడు రోజులు ఛానెళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే, పాయింట్ నుంచి రూటర్‌కు వెళ్లే ఈథర్‌నెట్ కేబుల్ కొసన ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంది. తలుపు వేసినప్పుడల్లా ఆ ప్లగ్ కదిలి లింక్ పోతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. మూడో పింగ్ పెట్టి ఉంటే మొదటి గంటలోనే తెలిసేది.

ఎవరు వదిలేశారు?

గొడవ వైఫైలోనే అని తేలాక అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. కనెక్షన్ తెగడానికి దారులు మూడు. ల్యాప్‌టాప్ తనంతట తాను వదిలేయవచ్చు. పాయింట్ దాన్ని బయటికి నెట్టేయవచ్చు. లేదా ఇద్దరిలో ఎవరూ ఏమీ చెప్పకుండానే ల్యాప్‌టాప్‌కు పాయింట్ గొంతు వినబడటం ఆగిపోవచ్చు. పాయింట్ సాధారణంగా సెకనుకు పదిసార్లు, కచ్చితంగా చెప్పాలంటే 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి, 'నేనున్నాను' అని బీకన్ పంపుతుంది. అవి వరసగా కొన్ని అందకపోతే ల్యాప్‌టాప్ ఆశ వదిలేసుకుంటుంది. మొదటి రెండు సందర్భాల్లో వదిలేసేవాళ్లు ఒక కారణం నంబరు కూడా పంపుతారు. ఆ నంబరు మీ కంప్యూటర్లో రికార్డయి ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు, అంతే.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ ఆదేశం ఇవ్వండి:

నెట్‌ష్ వ్లాన్ షో వ్లాన్‌రిపోర్ట్

గత మూడు రోజుల వైఫై చరిత్ర మొత్తం ఒక వెబ్ పేజీగా తయారై, అది ఎక్కడ సేవ్ అయ్యిందో కూడా చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే పైన టైమ్ వారీగా ఒక పటం, దాని కింద ప్రతి సెషన్ ఎందుకు ముగిసిందో వివరం ఉంటాయి. మీ కాగితం మీది టైమ్‌లను పక్కన పెట్టుకుని పోల్చండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో లొకేషన్ అనుమతి ఆపేసి ఉంటే నెట్‌ష్ వైఫై ఆదేశాలు వివరాలు ఇవ్వవు. అప్పుడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద లొకేషన్ ఆన్ చేయాలి.

లైనక్స్‌లో ఈ పని ఇంకా తేలిక. డీమెస్‌జీ (dmesg) అనే ఆదేశం ఇచ్చి చూస్తే 'డీఆథెంటికేటింగ్' అన్న వరసలో 'బై లోకల్ ఛాయిస్' అని ఉంటే వదిలింది మీ ల్యాప్‌టాపే. 'డీఆథెంటికేటెడ్ ఫ్రమ్' అని పాయింట్ అడ్రస్, రీజన్ నంబరు ఉంటే నెట్టేసింది పాయింట్. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కిపట్టి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే సిగ్నల్, నాయిస్, ఛానెల్ అప్పటికప్పుడు కనబడతాయి. లోతుగా చూడాలంటే అక్కడే వైర్‌లెస్ డయాగ్నస్టిక్స్ ఉంది.

ఇక నంబర్ల సంగతి. 3 గానీ 8 గానీ వస్తే 'నేను వెళ్లిపోతున్నాను' అని ఒకరు మర్యాదగా చెప్పినట్టు. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లేటప్పుడో, ఇంకో పాయింట్‌కు మారేటప్పుడో ఇది మామూలే. 4 అంటే ల్యాప్‌టాప్ చాలాసేపు పలకలేదని పాయింట్ దాన్ని తీసేసింది. ఇది కనబడితే నేను నేరుగా పవర్ సేవింగ్ సెట్టింగుల్లోకి వెళ్తాను. 5 అంటే పాయింట్ మీద జనం ఎక్కువయ్యారు. 15 అంటే పాస్‌వర్డ్‌తో తాళాలు మార్చుకునే నాలుగంచెల కరచాలనం టైమ్‌కు పూర్తి కాలేదు. పాస్‌వర్డ్ తప్పయినా ఇదే వస్తుంది, సిగ్నల్ మరీ నీరసంగా ఉన్నా ఇదే వస్తుంది. మీ పాస్‌వర్డ్ సరైనదని తెలుసు కాబట్టి మీకు 15 వస్తే సిగ్నల్‌నూ సెక్యూరిటీ సెట్టింగునూ చూడాలి. 16 అంటే గ్రూప్ కీ మార్పిడి దగ్గర తడబాటు.

గడియారం చెప్పేది

గ్రూప్ కీ అన్నాను కాబట్టి ఇక్కడే చెబుతాను. పాయింట్ అందరికీ కలిపి పంపే సమాచారానికి వాడే తాళాన్ని అప్పుడప్పుడూ మారుస్తుంది. చాలా పాయింట్లలో అది 3600 సెకన్లు, అంటే గంటకోసారి. కొన్ని పాత డ్రైవర్లు ఈ మార్పిడిని సరిగా అందుకోలేక తెగిపోతాయి. మీ కాగితం మీద 10:14, 11:14, 12:14 అని కనిపిస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు. పాయింట్ సెట్టింగ్స్‌లో గ్రూప్ కీ ఇంటర్వల్‌ను మార్చి చూడండి. తెగే సమయం కూడా దాంతోపాటే మారితే దొంగ దొరికినట్టే. అసలు మందు మాత్రం డ్రైవర్ అప్‌డేటే.

కచ్చితమైన లెక్కతో తెగడానికి ఇంకో కారణం డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) లీజు. ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన ఐపీ అడ్రస్‌కు ఒక గడువుంటుంది. సగం గడువు దాటగానే ల్యాప్‌టాప్ పొడిగింపు అడుగుతుంది, అందకపోతే 87.5 శాతం దగ్గర మళ్లీ అడుగుతుంది. రెండూ విఫలమై గడువు పూర్తయితే అడ్రస్ పోతుంది. వైఫై గుర్తు మాత్రం కనెక్ట్ అయినట్టే చూపిస్తుంటుంది. ఆ సమయంలో ఐపీకాన్ఫిగ్ కొట్టి చూడండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రేడియోను వదిలేసి డీహెచ్‌సీపీ వైపు వెళ్లండి. పాత రూటర్‌ను పాయింట్‌గా వాడుతున్నవాళ్లు దాంట్లో డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతుంటారు. ఒకే ఇంట్లో ఇద్దరు అడ్రస్‌లు పంచితే ఇలాంటి వింతలే జరుగుతాయి. రోజుకోసారి మాత్రమే పోతుంటే విండోస్‌లో 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' సెట్టింగ్ రోజూ మారేలా పెట్టి ఉందేమో చూడండి. పాయింట్‌లో మ్యాక్ ఫిల్టర్ (ముందే నమోదు చేసిన హార్డ్‌వేర్ అడ్రస్‌లనే రానిచ్చే సెట్టింగ్) ఉంటే, రోజూ కొత్త మొహంతో వచ్చే ల్యాప్‌టాప్‌ను అది లోపలికి రానివ్వదు.

లెక్క లేకుండా తెగుతుంటే రెండే పెద్ద అనుమానాలు: నిద్ర, సిగ్నల్.

వైఫై కార్డు కునుకు

ఫోన్ బాగుండి ల్యాప్‌టాప్ మాత్రమే తెగే కేసుల్లో నేను మొదట పట్టుకునేది దీన్నే. బ్యాటరీ మిగలాలని వైఫై కార్డు బీకన్‌కూ బీకన్‌కూ మధ్య కునుకు తీస్తుంది. ఈలోగా దానికి వచ్చిన సమాచారాన్ని పాయింట్ దాచిపెట్టి, లేచాక ఇస్తుంది. ఇద్దరి మధ్యా ఒప్పందం సరిగా ఉంటే ఏ సమస్యా లేదు. కార్డు లేవాల్సిన టైమ్‌కు లేవకపోయినా, పాయింట్ దాచిపెట్టింది పారేసినా కథ తిరగబడుతుంది. మీ కాగితంలో తెగినవన్నీ ఛార్జర్ తీసి ఉన్నప్పుడే అయితే ఇక అనుమానమే అక్కర్లేదు.

విండోస్‌లో రెండు చోట్ల చూడాలి. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌ను అనుమతించే గడిలో టిక్ తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఈ ట్యాబే ఉండదు, మీరేదో తప్పు చేశారని టెన్షన్ పడకండి. రెండోది కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద 'వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్'. దాన్ని బ్యాటరీకీ ఛార్జర్‌కీ 'మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్'కు మార్చండి. లైనక్స్‌లో ఐడబ్ల్యూ ఆదేశంతో పవర్ సేవ్ ఆఫ్ చేసి చూడవచ్చు. రీబూట్ అయ్యాక కూడా అలాగే ఉండాలంటే నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫిగ్‌లో వైఫై పవర్‌సేవ్ విలువను 2 చేయాలి. అక్కడ 2 అంటే ఆఫ్. ఆన్ అనుకుని వదిలేసినవాళ్లను చూశాను.

డ్రైవర్ గురించి ఒక్క మాట. 'మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను' అంటే చాలాసార్లు విండోస్ తన దగ్గరున్న అదే పాత ఫైల్‌ను మళ్లీ పెట్టిందని అర్థం. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ తేదీ, వెర్షన్ రాసుకుని, ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లోనో కార్డు తయారీదారు సైట్‌లోనో ఉన్నదాంతో పోల్చండి. సమస్య ఒకానొక అప్‌డేట్ తర్వాతే మొదలైతే ముందుకు కాకుండా వెనక్కి వెళ్లండి. 'రోల్ బ్యాక్ డ్రైవర్' అన్న బటన్ ఉన్నది అందుకే.

గీతలను నమ్మకండి

'సిగ్నల్ ఫుల్ ఉందండీ' అన్న మాట నేను రోజూ వింటాను. ఆ గీతలు పాయింట్ గొంతు ల్యాప్‌టాప్‌కు ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి. ల్యాప్‌టాప్ గొంతు పాయింట్‌కు ఎలా వినబడుతోందో చెప్పవు. గోడకు వేలాడే పాయింట్‌కు కరెంటు కొరత లేదు, గట్టిగానే అరుస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ప్రాణి, దాని గొంతు చిన్నది. అందుకే పాయింట్ పవర్‌ను 'హై'లో పెట్టినంత మాత్రాన లాభం ఉండదు. గీతలు పెరుగుతాయి, తెగడం మాత్రం తగ్గదు.

గీతలకు బదులు అంకె చూడండి. నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్ అని కొడితే సిగ్నల్ శాతంలో వస్తుంది. దాన్ని సగం చేసి 100 తీసేస్తే సుమారుగా డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసం) వస్తుంది: 100 శాతం అంటే మైనస్ 50, 60 శాతం అంటే మైనస్ 70. కాల్స్ నిలకడగా ఉండాలంటే మైనస్ 67 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మైనస్ 75 దాటితే బండి ఈడుస్తూ నడుస్తుంది, మైనస్ 80 దాటితే ఎప్పుడు ఆగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అడ్డులేని చోట దూరం రెట్టింపైతే 6 డీబీ పడిపోతుంది. గోడలు, అద్దాలు, ఇనుప బీరువాలు, నీళ్ల ట్యాంకులు తమ వాటా తాము తీసుకుంటాయి. పాయింట్ టీవీ వెనకో, ఇనుప అల్మరాలోనో ఉంటే దాన్ని బయటికి తీయడమే మొదటి వైద్యం.

అదే ఆదేశంలో బీఎస్ఎస్ఐడీ అనే వరస కూడా గమనించండి. అది మీరు కనెక్ట్ అయిన రేడియో అసలు అడ్రస్. వైఫై వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే, తెగడానికి ముందూ తర్వాతా ఇది వేర్వేరుగా ఉండవచ్చు. అంటే ల్యాప్‌టాప్ తెగిపోవడం లేదు, గడప మీద నిలబడి లోపలికీ బయటికీ తిరుగుతోంది. ఎప్పుడు మారాలన్నది దాదాపుగా ల్యాప్‌టాప్ నిర్ణయమే. పాయింట్ సలహా ఇవ్వగలదు, లేదా మెడపట్టి గెంటగలదు. బ్యాండ్ స్టీరింగ్ అన్న సెట్టింగ్ చేసేది ఇదే, కొన్ని ల్యాప్‌టాప్‌లు దానికి అలుగుతాయి. పరీక్ష కోసం రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, ల్యాప్‌టాప్‌ను ఒక రోజు ఒకదాని మీదే ఉంచండి. ఇంటెల్ కార్డుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'రోమింగ్ అగ్రెసివ్‌నెస్' అని ఒక మీట ఉంటుంది. ఒకే పాయింట్ ఉన్న ఇంట్లో దాన్ని తగ్గించడం మంచిది. నాలుగు పాయింట్లున్న ఆఫీసులో తగ్గిస్తే, పక్కనే ఉన్నదాన్ని వదిలి దూరంగా ఉన్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది.

2.4 మీద తెగి 5 మీద తెగకపోతే గాలిలోని సందడిని అనుమానించాలి. ఇక్కడ 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఈ బ్యాండ్‌లోనే తిరుగుతాయి. వీటికంటే ఎవరూ ఊహించనిది యూఎస్‌బీ 3 పరికరం. దాని డేటా వేగం పుట్టించే రేడియో నాయిస్ సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. 2012లో ఇంటెల్ దీనిమీద ఒక సాంకేతిక పత్రమే విడుదల చేసింది. నా సొంత ల్యాప్‌టాప్‌కే ఈ జబ్బు వచ్చింది. బ్యాకప్ నడుస్తున్నప్పుడల్లా వైఫై పోయేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, స్క్రీన్ వెనక తగిలించిన హార్డ్ డిస్క్‌ను వదిలేసి పాయింట్ చుట్టూ తిరిగాను. డిస్క్‌ను పొడవాటి కేబుల్‌తో దూరం పెట్టగానే తగ్గిపోయింది. మీకూ డాకో, హబ్బో, డిస్కో ఉంటే అన్నీ పీకేసి ఒక పూట చూడండి.

5 మీద తెగి 2.4 మీద తెగకపోతే ఛానెల్ నంబరు చూడండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. దీన్నే డీఎఫ్ఎస్ అంటారు. రాడార్ లాంటి సంకేతం వినబడితే పాయింట్ పది సెకన్లలోపు ఆ ఛానెల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా మళ్లీ అక్కడికి రాకూడదు. ఇంకో డీఎఫ్ఎస్ ఛానెల్‌కు వెళ్లాలంటే కనీసం 60 సెకన్లు చెవులు రిక్కించి విన్నాకే నోరు విప్పాలి. మీ కాగితంలో 'నిమిషానికి పైగా రాలేదు' అని ఉంటే ఇది చాలా బలమైన అనుమానం. రాడార్ లేకపోయినా పాయింట్లు భ్రమపడి పారిపోవడం కూడా ఉంది. ఛానెల్‌ను 36 నుంచి 48 మధ్యలో పెట్టి, వెడల్పు 80 దాటకుండా చూస్తే దీని బెడద వదిలిపోతుంది. 160 వెడల్పు పెడితే 36 నుంచి మొదలైనా అది 64 దాకా పాకుతుంది. మళ్లీ రాడార్ల ఇలాకాలోకి వెళ్లినట్టే.

సెక్యూరిటీ సెట్టింగ్ దగ్గర ఎక్కువసేపు ఆగను. 'డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్' అని ఉంటే, ల్యాప్‌టాప్ పాతదైతే, కొన్నాళ్లు ఒట్టి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌లో పెట్టి చూడండి. టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఎక్కడైనా కనిపిస్తే తీసేయండి. దాని మీద వేగం 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది, భద్రత కూడా లేదు. పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్‌గా పెట్టి పరీక్షించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

పాయింట్ మీద అనుమానం ఉంటే దాని అడ్మిన్ పేజీలో 'అప్‌టైమ్' అన్న అంకె చూడండి. తెగిన తర్వాత అది మూడు నిమిషాలు అని చూపిస్తే ఆ పెట్టె మొత్తంగా రీబూట్ అయ్యిందన్నమాట. అలాంటప్పుడు పెట్టె కంటే ముందు దాని పవర్ అడాప్టర్‌ను మార్చి చూడాలి. వోల్టేజీ అంతే, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్నది వాడాలి. వేడెక్కుతోందేమో చేత్తో తాకి చూడటం కూడా పరీక్షే.

ఇవన్నీ దాటాక

ఇంతవరకూ ఏదీ పట్టుబడకపోతే ల్యాప్‌టాప్ మూతను అనుమానించండి. చాలా ల్యాప్‌టాప్‌ల్లో యాంటెనాలు స్క్రీన్ చుట్టూ ఉంటాయి. అక్కడి నుంచి రెండు సన్నటి వైర్లు కీలు గుండా కిందికి దిగి, వైఫై కార్డు మీద బటన్ల లాంటి చిన్న కనెక్టర్లకు తగులుకుంటాయి. బ్యాటరీయో స్క్రీనో మార్చినప్పుడు ఇవి ఊడి, సగమే తగులుకుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. పింగ్ నడుస్తుండగా మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ వంచండి. ఆ కోణాన్ని బట్టి సిగ్నల్ 15, 20 డీబీ ఎగిరి పడుతుంటే వైరు వదులైనట్టే. పాయింట్ పక్కనే కూర్చున్నా మైనస్ 60 దాటి మెరుగుపడకపోవడం ఇంకో గుర్తు.

చివరి పరీక్ష, నిజానికి మొదటే చేయగలిగినంత తేలికైనది: ఒక చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌ను ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. లోపలి కార్డును డివైస్ మేనేజర్‌లో డిజేబుల్ చేసి, రెండు రోజులు దాంతోనే పనిచేయండి. ఒక్కసారి కూడా తెగకపోతే పాయింట్, ఛానెళ్లు, కేబుళ్లు అన్నీ నిర్దోషులు, మీరు మార్చాల్సింది కార్డునే. చాలా ల్యాప్‌టాప్‌ల్లో అది ఒకే స్క్రూతో బిగించిన చిన్న ఎం.2 ముక్క. కొన్ని పలచటి మోడళ్లలో మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, కాబట్టి కొనే ముందు ల్యాప్‌టాప్ అడుగు మూత తీసి చూడండి. ఇంటెల్ కార్డుల్లో సీఎన్‌వీఐ రకం ఆ సదుపాయం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ల మీదే పనిచేస్తుంది, మామూలు పీసీఐ రకం మిగతావాటి మీదా పనిచేస్తుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లోకి రెండూ దూరుతాయి. కాబట్టి ఆకారం చూసి కాకుండా మోడల్ నంబరు చూసి తెప్పించుకోండి. యూఎస్‌బీ అడాప్టర్ మీద కూడా అదే టైమ్‌లకు తెగితే, అప్పుడు కొత్త పాయింట్ గురించి మాట్లాడుకుందాం.